ఆరితేగాని తెలియని తెలుపు

ఆరితేగాని తెలియదంటాడు బుల్లియ్య. తడిగా ఉన్నంతసేపూ సున్నాలన్నీ ఒక్కలాగే ఉంటాయి అక్కగారండీ, ఎండ ఈ గోడ మీదికి వచ్చి పోయేదాకా ఓపిక పట్టండి, ఆనక ఏది కావాలంటే అది కొట్టేస్తాను అని చెప్పి, కుంచె బానలో పడేసి, చద్దిమూట పట్టుకుని పెరట్లో కొబ్బరిచెట్ల కిందికి పోయాడు. పోతే పోయాడులే, ఎదురుగా నుంచుని వాగేకంటే అదే నయం. నేను గదిలో పీట వాల్చుకుని గోడకెదురుగా కూర్చున్నాను. మట్టి మెత్తిన గోడ మీద వరసగా నాలుగు చదరాలు, ఒక్కొక్కటి చేటంత. నాలుగూ ఇప్పుడు బూడిద నీళ్ళలాగే ఉన్నాయి. ఇందులో ఒకటి ఏరాలి. రేవులో మా మావ పడవకి తెరచాప బిగిస్తున్నాడు, మోకు లాగినప్పుడల్లా కప్పీ కిర్రుమనడం ఇక్కడికి వినిపిస్తోంది. ఏట్లో పోటు నిండుగా ఉంది. అది తిరిగి ఆటు మొదలవగానే పడవ కదులుతుంది, సముద్రం అంచు పట్టుకుని మొగల్తూరు వైపు పోయి, మావకి, అదే నా మొగుడికి, రెండో పెళ్ళాన్ని ఎక్కించుకుని వస్తుంది. ఈ గది ఆ పిల్లకి. పొద్దున్న మావ గుమ్మం దాటుతూ ఆగి, వెనక్కి తిరక్కుండానే, "అచ్చాయీ, పడవ కదిలేదాకా నీ మాటే మాట. వద్దన్నావంటే ఇక్కడితో సరి. కదిలాక మాత్రం వద్దనకు, అక్కడి పెద్దల ముందు నేను తలెత్తుకోలేను" అన్నాడు. నేనేమన్నాను? "వెళ్ళు మావా, సున్నపోడు వచ్చే వేళైంది" అన్నాను.

మొదటి చదరం సముద్రపు గుల్లల సున్నం. రెండోది మా ఏటి బురదలో దొరికే ఆల్చిప్పలు కాల్చినది. మూడోది రాజమండ్రి నుంచి పడవల మీద వచ్చే రాతి సున్నం, అక్కడ గోదారికి అడ్డంగా రైలు వంతెన లేపుతున్నారట, ఆ పని మొదలైన కాడినుంచి రాతి సున్నం మా రేవు దాకా దిగుతోంది. నాలుగోది మొదటి దాంట్లోనే చిటికెడు నీలిమందు కలిపించాను, యానాం కొట్లోంచి తెప్పించి. బుల్లియ్యకి నవ్వు ఆగలేదు. తెలుపులో తేడాలేంటండీ, తెలుపు తెలుపే కదండీ, మా ఇంట్లో అయితే బానలో ఏముంటే అదే పూస్తామండీ అన్నాడు. ఒరే, చేప కొనేటప్పుడు మాత్రం మొప్ప ఎత్తి చూస్తావే, అది ఎరుపు కాదా, ఎరుపులో తేడాలు నీకెవడు చెప్పాడురా అన్నాను. నోరు మూసుకున్నాడు. నా నోటికి ఎవడైనా మూసుకోవాల్సిందే, పేటంతా అదే మాట, అచ్చాయమ్మ నోరు సముద్రం అంటారు. ఏం సుఖం? పొద్దుటినుంచి ఒక్కమాట, రెండక్షరాల మాట, అది మాత్రం ఈ నోట్లోంచి రావడంలేదు.

అదిగో, మొదటిది అంచుల్లో తెల్లబడుతోంది. అంచులే ముందు ఆరతాయి కాబోలు. ఈ తెలుపు కోసం ఎన్నాళ్ళు దేవుళ్ళాడాను! యానాంలో దొరల బంగళా వంటింటికి చేపలు పోసేదాన్ని, నెత్తిన గంప, ఒంటినిండా నీసు కంపు, పెరటి గుమ్మం దాటి లోపలికి రానిచ్చేవారు కాదు. ఒకసారి వాళ్ళ జెండా పండగ ముందు గోడలన్నిటికీ కొత్తగా సున్నం కొట్టించారు. వంటవాడు తూకం వేసేదాకా నేను ఆ గోడకేసే చూస్తూ నుంచున్నాను. పొద్దున్న ఎండ ఏటవాలుగా పడుతోంది. తెల్లగా ఉంది, కానీ కళ్ళలో పొడిచే తెలుపు కాదు, చల్లగా, చూస్తే ఒళ్ళు కడుక్కున్నట్టు ఉంది. ఇంటికొచ్చి మావతో చెప్పాను, మనం ఇల్లు కట్టుకుంటే గోడలు అలా ఉండాలని. మావ వలకి ముడి వేస్తూ, "ఎట్టా?" అన్నాడు. ఎట్టా అంటే ఏం చెప్పను, తెల్లగా అన్నాను. "తెల్లగానే కడదాంలే" అన్నాడు. అప్పటికి మాది తాటాకు కొంప, వాన వస్తే కుండలు పరవాలి. ఆ మాట నమ్మేశాను, వెర్రిముండని.

కట్టాడు, ఇల్లయితే కట్టాడు. పేటలో మొట్టమొదటి పెంకుటిల్లు. పల్లంరాజు ఇల్లు అంటారు అందరూ, అచ్చాయమ్మ ఇల్లు అని ఒక్కడూ అనడు. ఇటికలు పడవలో వస్తే గట్టునించి మోసింది ఎవరు? నేను, చేపల గంపలోనే. మట్టి తొక్కింది ఎవరు? ఈ గోడ మెత్తింది కూడా నేనే, అదిగో ఆ మూల చెయ్యి జారిన గీత ఇంకా ఉంది. సున్నం మాత్రం వచ్చే ఏడన్నాడు. ఆ వచ్చే ఏడు వల చిరిగింది. ఆ పై ఏడు పడవకి కొత్త చెక్కలు. ఇంకో ఏడు తుపాను. ఏటా ఏదో ఒకటి, నేనూ సర్దుకున్నాను, గోడలు ఎక్కడికి పోతాయిలే అనుకున్నాను. మొన్న మొగల్తూరు వాళ్ళు సరే అన్నారని కబురు రాగానే, వారం తిరక్కుండా బుల్లియ్యని పిలిపించాడు. "కొత్త మనిషి వస్తోంది కదా, గోడలు ఇలా ఉంటే ఏం బాగుంటది, నీకేది నచ్చితే అది కొట్టించు" అన్నాడు. అందులో తప్పేం ఉంది? మంచిమాటే అన్నాడు. నాకు మాత్రం ఆ మాట చేపముల్లు గొంతులో దిగినట్టు దిగింది, ఎంత అన్నం ముద్ద మింగినా దిగడంలేదు. ఇన్నేళ్ళూ ఈ మట్టిగోడల మధ్య ఉన్నదాన్ని నేను మనిషిని కాదా అని అడగలేదు. అడిగితే మావ తల వంచుకుని నుంచుంటాడు, అది చూడలేను.

రెండోది కూడా తేలుతోంది. ఆల్చిప్పల తెలుపు. బియ్యం కడిగిన రెండో నీళ్ళలా ఉంది, కాస్త నీలిబూడిద. బాగోలేదని కాదు, వర్షాకాలంలో చూస్తే దిగులు పుడుతుంది. ఈ ఆల్చిప్పలు నేనే ఏరాను, చిన్నప్పుడు మా అమ్మతో ఏరినట్టే, మోకాలు లోతు బురదలో వంగి. వంగినప్పుడు నడుంలో నొప్పి, ఇది ఆ రెండోసారి నించీ ఉంది. రెండుసార్లు కడుపు పండి రెండుసార్లూ నిలవలేదు. మొదటిది నెలలు నిండకుండా పోయింది. రెండోది పుట్టింది, మగపిల్లాడు, నీళ్ళు పోశాక ఒక్కసారి ఆవలించాడు, అంతే. ఆ ఆవలింత నాకు తప్ప ఎవరికీ తెలియదు, మంత్రసాని అటు తిరిగి ఉంది. మావకి చెప్పలేదు. చెబితే ఆయన కూడా అది మోయాలి. ఆయన ఆ రోజు పడవ వేసుకుని ఒక్కడే సముద్రంలోకి పోయి, వల వెయ్యకుండా తిరిగొచ్చాడు. అది నాకూ తెలుసు, నేనూ అడగలేదు. మేమిద్దరం అంతే, ఒకళ్ళ గాయం ఒకళ్ళం తొక్కకుండా పక్కనుంచి నడుస్తాం. ఇన్నేళ్ళలో అది మంచిదనే అనుకున్నాను, ఇవాళ ఈ గోడ ముందు కూర్చుంటే మంచిదేనా అనిపిస్తోంది. ఒక్కసారి కూర్చుని ఇద్దరం గట్టిగా ఏడ్చి ఉంటే ఇక్కడిదాకా వచ్చేవాళ్ళమా?

ఇక్కడిదాకా తెచ్చింది మాత్రం నా నోరే. లోవమ్మ పక్కింటిది, దానికీ నాకూ చిన్నప్పటినించీ పడదు, దాని కోడి నా పెరట్లోకి వస్తే తప్పు నాదంటుంది. ఈ ఎండాకాలం మొదట్లో రేవులో ఎండుచేపల చాప దగ్గర మాటా మాటా పెరిగింది. దాని మనవడు చేప తొక్కాడని నేను కసిరాను. "పిల్లలుంటే తెలిసేదే నీకు" అంది. అందరూ ఉన్నారు, పేట పెద్దలు అక్కడే వేపచెట్టు కింద కూర్చుని ఉన్నారు, మావ పడవలో ఉన్నాడు. నాకు ఒళ్ళు భగ్గుమంది. ఏడిస్తే పోయేది. దాని జుట్టు పట్టుకున్నా పోయేది, ఆనక మామూలే కదా. నేనేం చేశాను? కొంగు బిగించి, పెద్దలకేసి తిరిగి, "నా మొగుడికి నేనే చేస్తాను రెండో మనువు! నా చేతుల్తో చేస్తాను! ఏడాది తిరిగేసరికి ఈ రేవులో నా ఇంటి పిల్ల ఆడకపోతే నా పేరు అచ్చాయమ్మ కాదు!" అని అరిచాను. రేవులో ఉన్నోళ్ళంతా నాకేసి తిరిగారు. మా పేటలో మొదటి పెళ్ళాం పెద్దల ముందు తన నోటితో ఒప్పుకుంటేనే రెండోది. అడిగి, బతిమాలి, నెలల తరబడి పంచాయితీలు పెట్టి ఒప్పిస్తారు ఎవరినైనా. నన్నెవరూ అడగలేదు, నేనే ఎగిరి ఇచ్చేశాను. పెద్దాయన మెల్లిగా, "విన్నాం తల్లీ" అన్నాడు. మావ పడవలోంచి చూశాడు. ఆ చూపు కోపం కాదు, ఏంటిది అన్నట్టు. ఆ సాయంత్రం నేను అన్నం పెడుతూ అది ఊరికే కోపంలో అన్న మాట మావా అని అంటానేమోనని ఆగాడు, మెతుకులు కెలుకుతూ చాలాసేపు ఆగాడు. నేను చేపలపులుసు ఉప్పగా ఉందా అని అడిగాను.

అన్నాక ఇక ఊరుకుంటానా? మాట నిలబెట్టుకోవద్దూ? నలుగుర్లో పోయే పరువు నాదే కదా! సంబంధం కూడా నేనే వెతికాను. మొగల్తూరు దిగువన సముద్రపొడ్డున పాపాయి అనే పిల్ల, పెళ్ళయిన మొదటి ఏడే మొగుడు వేటకి పోయి తిరిగి రాలేదట, అప్పటినించీ అన్న పంచన పడి ఉంది, నిండా పాతికేళ్ళు ఉంటాయేమో. మాలో మారుమనువు తప్పుకాదు. పడవెక్కి నేనే చూసొచ్చాను. ఎలాగైనా వంక పెట్టొచ్చులే, పొట్టిదనో, పొగరనో చెప్పి తిరిగొచ్చేద్దాంలే అని లోపల ఒక మూల ఉంది, ఇప్పుడు ఎందుకు దాచాలి. పోయేసరికి ఆ పిల్ల ఒడ్డున చేపలు తిరగేస్తోంది. ఎండకి మొహం నల్లగా కమిలింది. నన్ను చూసి చేతులు కొంగుకి తుడుచుకుని, నీళ్ళిచ్చి, తలవంచుకుని నుంచుంది. వాళ్ళ వదిన ఏదేదో చెబుతోంది, ఆ పిల్ల మాట్లాడలేదు. నేను బయల్దేరేటప్పుడు మాత్రం పడవ దాకా వచ్చింది, వచ్చి, "అక్కా, నేనొస్తే నువ్వు ఎక్కడ పడుకుంటావు?" అని అడిగింది. ఆమాట ఎవరూ అడగలేదు నన్ను. పెద్దలు అడగలేదు, మావ అడగలేదు, నన్ను నేనే అడుక్కోలేదు. "వసారాలో గాలి బాగా వస్తదిలే" అన్నాను. ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుంది, నీసు చెయ్యి, నాలాంటిదే. వంక ఏం పెట్టను? మంచి పిల్ల అని చెప్పేశాను అందరికీ. మంచిది కాబట్టే ఇంత కష్టంగా ఉంది.

ఎండ గోడ సగానికి వచ్చింది. మూడోది రాతి సున్నం, తేలాక జున్నుముక్కలా అయింది, పచ్చదనం తిరిగిన తెలుపు. నాలుగోది అన్నిటికంటే ఆలస్యంగా ఆరుతోంది. నీలిమందు చిటికెడే వేయించాను, తడిలో ఆ నీలం కనబడి అయ్యో ఎక్కువైందే అనుకున్నాను, ఆరేకొద్దీ అది ఎటుపోతోందో తెలియడంలేదు, తెలుపే మిగులుతోంది. నాయనోయ్! అదే ఇది. ఆ బంగళా గోడ తెలుపు ఇదే. పీట మీంచి లేచి దగ్గరికి పోయాను, వెనక్కి వచ్చాను, ఓరగా చూశాను. అనుమానం లేదు. మొదటిదాని పక్కన పెట్టి చూస్తే మొదటిది ఎండుగా, కోపంగా ఉంది, ఇది నిమ్మళంగా ఉంది. ఇన్నేళ్ళు కళ్ళు మూసుకుంటే కనిపించిన గోడ నా గోడ మీదే చేటంత మేర ఉంది. సంతోషం వచ్చింది. నిజంగా వచ్చింది, చిన్నపిల్లలా చేతులు తట్టబోయాను. అప్పుడు గుర్తొచ్చింది ఇది ఎవరి గదికో. మళ్ళీ పీట మీద కూర్చున్నాను. ఈ గోడ కేసి చూస్తూ పొద్దున్నే లేచేది నేను కాదు. మొగుడు ఈ తెల్లటి గదిలోంచి బయటికి వస్తుంటే నేను వసారాలో చాప చుట్టుకుంటూ ఉంటాను. గాలి బాగా వస్తుందట, గాలి!

"ఆరినాయండీ?" అంటూ బుల్లియ్య మూతి తుడుచుకుంటూ వచ్చాడు. నాలుగింటి కేసీ చూసి, "నేను చెప్పలేదండీ, అన్నీ ఒకటే" అన్నాడు. నాలుగోది కొట్టు అన్నాను. వాడు బాన కలుపుతూ గుమ్మం పక్కకి తలెగరేశాడు. "మరి ఆ చేతుల సంగతేంటండీ? వదిలెయ్యాలా, కప్పెయ్యాలా?" నేను అటువైపు చూడకుండానే పొద్దుటినుంచీ కూర్చున్నాను. కొత్తింట్లో పాలు పొంగించిన రోజు, ఇంటి ఆడది రెండు చేతులూ పసుపులో ముంచి పడకగది గుమ్మం పక్కన అద్దాలి, అది మా పేటలో ఆనవాయితీ. ఆ చేతులు ఎవరివైతే ఆ గది వాళ్ళది. సున్నం కొట్టినా వాటి చుట్టూ జానెడు వదిలి కొడతారు. నేను అద్దిన రోజు మావ వెనకాలే నుంచుని, "కాస్త పైకి అద్దు, పిల్లలు చెరిపేస్తారు" అన్నాడు. పైకే అద్దాను. చెరిపే పిల్లలెవరూ రాలేదు, కాబట్టి చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఇప్పుడొచ్చే మనిషి తన చేతులు అద్దుకోవాలి కదా. రెండు జతలు ఒక గుమ్మానికి ఎక్కడా ఉండవు. "కప్పెయ్" అన్నాను. "నిజంగానే అంటారా?" అన్నాడు వాడు. "కప్పెయ్యమంటే కప్పెయ్, ఎన్నిసార్లు చెప్పాలి!"

వాడు కుంచె ముంచి అడ్డంగా ఒక్కలాగు లాగాడు. పసుపుకి సున్నం తగిలితే ఏమవుతుందో నాకు తెలియదా, పారాణి కలిపిన చేతులే కదా ఇవి, ఎన్ని పెళ్ళిళ్ళకి కలపలేదు. తెలుసు. అయినా పీట మీంచి లేచాను. పాలిపోయి ఉన్న ఆ రెండు చేతులూ తడి తెలుపులోంచి ఎర్రగా పొంగుకొచ్చాయి, అప్పుడే అద్దినట్టు. వేళ్ళు, అరచేయి, ఎడమ చిటికెనవేలి వంకర, అంతా. బుల్లియ్య కుంచె కింద పడేసి, "అపశకునం అండీ బాబూ" అని వెనక్కి జరిగాడు. "పసుపుకి సున్నం తగిలితే ఎర్రబడక నల్లబడతదేంట్రా! రెండు పూతలు పూస్తే అదే పోతది" అన్నాను. అంటున్నాను గానీ నా కళ్ళు దాని మీదినించి రావడంలేదు. ఏదో మాట లోపలినుంచి తోసుకొస్తోంది, ఇంత సేపూ సున్నాల గొడవలో పెట్టి నొక్కేసిన మాట. వద్దు. నాకు వద్దు. పిల్లల్లేకపోతే లేకపోయారు, నా మొగుడు నాకు కావాలి, నా గది నాకు కావాలి, ఈ తెలుపు నాకు కావాలి. పరువు పోతే పోనీ, రేవులో అందరూ నవ్వితే నవ్వనీ. ఆ పిల్లకి వేరే దారి నేనే చూస్తాను, కాళ్ళు పట్టుకుని క్షమించమంటాను. అంతలో కప్పీ చప్పుడు ఆగిపోయిందని తెలిసింది. ఎప్పుడు ఆగిందో ఏమో. కొంగు సున్నంబానలో పడిందో ఏమో నేను చూసుకోలేదు, గుమ్మం దాటి రేవుకి పరిగెత్తాను.

ఏట్లో నీళ్ళు తిరిగాయి. గట్టు మీద తడిగీత కింద బురద బయటపడుతోంది. మావ వెంట వెళ్ళే పెద్దలిద్దరూ పడవలో ఎక్కి కూర్చున్నారు, రేవులో సగం పేట ఉంది, పసుపూ కుంకుమా పడవ ముక్కుకి పెట్టి ఉన్నాయి. మావ ఒక్కడే ఇంకా నీళ్ళలో నుంచుని ఉన్నాడు, మోకాళ్ళ లోతున, ఒక చేత్తో పడవ అంచు పట్టుకుని. ఆటు పడవని లాగుతోంది, ఆయన చెయ్యి దాన్ని ఆపుతోంది. "ఎక్కవయ్యా పల్లంరాజూ, నీళ్ళు పోతన్నాయి" అని పెద్దాయన అంటున్నాడు. ఆయన ఎక్కడంలేదు, మా ఇంటి దారికేసే చూస్తున్నాడు. నన్ను చూడగానే పడవ పెద్దల చేతికి వదిలి, వాళ్ళు గెడలు ఆనించగానే, బురదలోంచి నాలుగడుగులు నాకు ఎదురొచ్చాడు. ఆ మొహం నేను ఎన్నడూ చూడలేదు. పిల్లాడు పోయిన రోజు సముద్రంలోంచి తిరిగొచ్చినప్పుడు కూడా అలా లేదు.

"చెప్పవే" అన్నాడు, మెల్లిగా, నాకే వినపడేలా.

నాకు ఆయాసం. నోరు తెరిచాను. చుట్టూ అందరూ దగ్గరికి జరిగారు, అచ్చాయమ్మ పరిగెత్తుకొచ్చిందంటే ఏదో ఉందని. పక్కనే లోవమ్మ, చంకలో మనవడు. వాడు నా మొహంకేసి చూస్తూ వేలు చప్పరిస్తున్నాడు. దాని కళ్ళు తళతళలాడుతున్నాయి, చూశారా నేను చెప్పలేదూ, మాట మీద నిలబడదు అని ఇంకో క్షణంలో అనబోతున్నట్టే ఉంది నాకు. అది అనుకుందో లేదో నాకేం తెలుసు. నాకు అలా కనబడింది. అంతే చాలింది.

"గోడలకి నాలుగోది వేయిస్తన్నాను మావా" అన్నాను, రేవంతా వినపడేలా. "నీలిమందు కలిపింది. చల్లగా ఉంటది. ఆ పిల్లతో చెప్పు, నీ గది తెల్లగా ఉంటదని అక్క చెప్పిందని చెప్పు."

"అంతేనా?" అన్నాడు.

"అంతే."

ఆయన తల ఊపాడు. వెనక్కి తిరిగి పోయి పడవెక్కాడు. గెడలు ఎత్తగానే ఆటు దాన్ని పట్టుకుని ఎంత వేగంగా లాగేసిందో, తెరచాప కూడా విప్పనవసరం లేకపోయింది, చూస్తూండగానే ఏటి గట్టున మడచెట్లు దాటింది. చేతికందే దూరం దాటి, ఒక మాట వినబడే దూరం, రెండు మాటల దూరం. ఆపగలిగినంతసేపూ ఆయన ఆపాడు. ఆయన ఆపింది నీళ్ళని, నేను ఆపుకున్నది ఒక్క మాటని.

లోవమ్మ మనవడిని దించేసి వచ్చి నన్ను వాటేసుకుంది. చిన్నప్పటినించీ పడనిది, నన్ను ఎన్నడూ తాకనిది. "నా మాట పట్టుకుని ఇంత పని చేస్తావనుకోలేదే అచ్చాయీ" అంది, అది ఏడుస్తోంది. "ఆవేళ నోరు జారానే. వెనక్కి తీసుకుందామని ఎన్నిసార్లు నీ గుమ్మం దాకా వచ్చానో. ఇవాళ నువ్వు పరిగెత్తుకొస్తుంటే, వద్దంటావనే అనుకున్నాను. అంటే బాగుండునని మొక్కుకున్నానే నేను. నువ్వు నిజంగానే ఇంత మనసున్నదానివని తెలీదు."

నేను దాని భుజం మీద తల పెట్టాను. "ఆపమని చెప్పవే" అన్నాను.

దాని చెయ్యి నా వీపు మీద ఆగిపోయింది. నన్ను వదిలేసి, గట్టు చివరికి పరిగెత్తి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, గొంతు చించుకుని, "ఓ పల్లంరాజూ! ఆగు! పడవాపు!" అని అరవసాగింది. రేవులో వాళ్ళు ఏంటేంటని మూగారు. అది అరుస్తూనే ఉంది. ఏటి మలుపులో పడవ చేతి గుడ్డంత కనబడింది. అందులో ఒక మనిషి లేచి నుంచున్నాడు, లోవమ్మ చెయ్యూపడం చూసి, సాగనంపుతోందనుకుని, తనూ చెయ్యూపాడు.